నక్షత్రానికో గుమ్మం

క్లౌడ్ అంటే మీలో చాలామందికి ఫోన్లో ఫొటోలు దాచుకునే చోటు. నాకు మాత్రం అది సర్వీసు చివర్లో బీపీ బిళ్లలు అలవాటు చేసిన చోటు. ఇప్పటికీ ఇంజినీరింగ్ పిల్లలెవరైనా ఇంటికొచ్చి, మీ ఉద్యోగంలో పెద్ద విజయం ఏది మేడం అని అడిగితే నేను మిర్చి ముహూర్తం సంగతి చెప్తాను. గొప్ప కోడింగ్ రహస్యం వినబోతున్నామని వాళ్లు బుద్ధిగా రాసుకోవడం మొదలుపెడతారు. కథలోకి పంతులుగారు రాగానే పెన్ను మూసేస్తారు. మీరు మూయకండి, అసలు పని అక్కడే జరిగింది.

మా ఆఫీసు హనుమకొండలో ఒక సందులో, టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. హెడ్డాఫీసు హైదరాబాదు. మేం పట్టుమని పదిమందిమి లేము. నా బాధ్యత స్టోరేజి. అంటే కస్టమర్ల ఫైళ్లు ఎక్కడున్నాయి, అడిగినప్పుడు ఎంత వేగంగా వస్తున్నాయి, దానికి ఎంత ఖర్చవుతోంది అన్నవి చూడటం. అంతా సవ్యంగా ఉన్న రోజు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగిపోతే మాత్రం అందరికీ నా ఫోన్ నంబరు నోటికొస్తుంది.

మాకున్న పెద్ద కస్టమరు పత్తి, మిర్చి అడ్తిదారుల సంఘం, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే షావుకార్లది. రైతు తెచ్చిన సరుకు దుకాణం ముందు కుప్ప పోయగానే గుమాస్తా దాన్ని నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి మా యాప్‌లో ఎక్కిస్తాడు. షావుకారు 'ప్రారంభం' అనే బటన్ నొక్కుతాడు. అప్పుడు ఆ ఫొటోలు దూరపు ఊళ్లలో ఉన్న కొనుగోలుదారుల ఫోన్లలో తెరుచుకుంటాయి. వాళ్లు రంగు చూసి, తొడిమ చూసి, రంగు తప్పిన తాలు కాయ ఎంత కలిసిందో చూసి ధర పలుకుతారు. ఫొటో కనపడకపోతే ధర లేదు. ధర లేకపోతే రైతు సాయంత్రం దాకా బస్తాల మీద కూర్చుని మమ్మల్ని తిట్టుకుంటాడు.

ఆ యాప్ రాసింది వర్ధన్నపేట దగ్గరి పల్లె కుర్రాడు. కుర్రాడంటే పెళ్లయి, బిడ్డకు తండ్రయినవాడే, నా వయసుకు కుర్రాడు. హైదరాబాదులో ఉద్యోగం వస్తే పోకుండా మా దగ్గరే ఉండిపోయాడు. వాళ్ల నాయినకు మోకాళ్లు పట్టేశాయి. ఉన్న కాస్త మిర్చి చేను ఇతనే చూసుకోవాలి. పొద్దున నీళ్లు కట్టి, స్నానం చేసి బస్సెక్కి వచ్చేవాడు. ఆఫీసులో కూర్చుని ఫొటోలో మిర్చి చూస్తే, ఇది ఏ నేలలో కాసిందో చెప్పేవాడు. మా అందరిలో మిర్చి తెలిసినవాడూ, కంప్యూటర్ తెలిసినవాడూ అతనొక్కడే.

ఇక సంఘం అధ్యక్షుడు. ఆయన మా నాన్నకు స్నేహితుడు. మాదీ వరంగల్ బజార్లో కిరాణా దుకాణం ఇల్లే కాబట్టి చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలిచేదాన్ని. యాప్ మొదలుపెట్టిన రోజున ఆయన పెట్టిన షరతు ఒకటే. శ్రీ లేకుండా మా దుకాణంలో చిట్టీ కూడా రాయం, మీ కంప్యూటర్‌లో కూడా శ్రీతోనే మొదలవ్వాలన్నాడు. మా కుర్రాడు సంతోషంగా ప్రతి ఫొటో పేరుకూ ముందు శ్రీ పెట్టాడు. ఆ తర్వాత తేదీ, ఆ తర్వాత దుకాణం పేరు. దేవుడి పని కదా, ఎవరం అడ్డు చెప్పలేదు. నేనయితే బాబాయ్ ముందు మంచి మార్కులు కొట్టేశామని మురిసిపోయాను కూడా.

దసరా తర్వాత పత్తి కొనుగోళ్లు మొదలైన రోజు తెలిసింది ఆ మురిపెం విలువ. సోమవారం. తొమ్మిది గంటలకు షావుకార్లు బటన్లు నొక్కారు. ఫొటోలు రావాల్సిన చోట ఖాళీ గళ్లు వచ్చాయి. కొనుగోలుదారులు మళ్లీ నొక్కారు, మళ్లీ ఖాళీ గళ్లే. క్లౌడ్ నుంచి మాకు వచ్చిన జవాబు ఒకటే, నెమ్మదించండి అని. మార్కెట్లో వేలమంది నిలబడి ఉంటే నెమ్మదించమంటే ఎవరు వింటారు? అరగంటకు అంతా దానంతటదే సర్దుకుంది. కానీ అప్పటికే బాబాయ్ ఫోన్ చేసి, మా తాతలు రుమాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరం చేసుకున్నారు, ఆ రుమాలు ఒక్కనాడు కూడా ఆగలేదు అని దెప్పిపొడిచాడు.

మా మేనేజరు హైదరాబాదులో ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ సమస్య వచ్చినా ఇంకాస్త ఖరీదైనది కొంటే తీరిపోతుందని ఆయన నమ్మకం. క్లౌడ్ స్టోరేజిలో రైల్లో ఉన్నట్టే తరగతులుంటాయి. ఎప్పుడో తప్ప ముట్టుకోని ఫైళ్లకు చవక తరగతి, రోజూ వాడేవాటికి మామూలు తరగతి, రెప్పపాటులో కావాల్సినవాటికి ప్రీమియం. ఆయన ఒక్క ఫోన్ కాల్‌తో మమ్మల్ని ప్రీమియంలోకి ఎక్కించాడు. మేం రోజంతా పరీక్షలు చేశాం. ఫొటోలు మునుపటికంటే చురుగ్గా వచ్చాయి. మేనేజరు అందరికీ అభినందనలు పంపాడు. దీపావళికి లక్ష్మీపూజ చేసుకుని షావుకార్లు మళ్లీ బటన్లు నొక్కారు. మళ్లీ అవే ఖాళీ గళ్లు, ఈసారి ప్రీమియం ధరకు.

ఆ వారంలోనే హెడ్డాఫీసు మాట తేల్చేసింది. కొత్త మిర్చి ప్రారంభం నాడు కూడా ఇలాగే జరిగితే సంఘం ఒప్పందం రద్దు చేసుకుంటుంది. ఆ ఒప్పందం లేకపోతే హనుమకొండ ఆఫీసు అక్కర్లేదు. కావాల్సినవాళ్లు హైదరాబాదు రావచ్చు. నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది కాబట్టి నా సంగతి సరే. కానీ మా కుర్రాడు ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. అడిగితే చెప్పాడు, నాయిన చేను కౌలుకిచ్చేయడానికి మనిషితో మాట్లాడుతున్నాడని.

"పోకుంటే ఏం తింటమక్కా? పోతే నాయినను ఎవరు చూస్తరు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. ఎక్కడో కూర్చున్న ఒక యంత్రం నెమ్మదించండి అన్నందుకు ఇక్కడొక మనిషి చేను వదులుకోవడం ఏమిటని. ఉద్యోగంలో కోపం పనికిరాదంటారు గానీ, నా పనుల్లో సగం కోపం మీదే పూర్తయ్యాయి.

ఇద్దరం కూర్చుని ఆ రెండు రోజుల గ్రాఫులు ముందు పెట్టుకున్నాం. విచిత్రంగా ఉన్నాయి. పొద్దున చాలాసేపు గీత నేల మీదే పడుకుని ఉంది. ఉన్నట్టుండి నిటారుగా పైకి లేచింది. కాసేపటికి కిందికి దిగిపోయింది. ఇట్ల ఎట్లయితదక్కా, ఎవరో విజిల్ ఊదినట్టు అందరూ ఒక్కసారే నొక్కుతాండ్రు అన్నాడతను.

విజిల్ అనగానే నాకు మా బజారు కళ్ల ముందు నిలిచింది. రాహుకాలం ఉన్న పొద్దున మా నాన్న తాళంచెవి చేతిలో పట్టుకుని దుకాణం అరుగు మీద కూర్చునేవాడు. పక్క దుకాణం ఆయనా అంతే, ఎదురు దుకాణం ఆయనా అంతే. కబుర్లు చెప్పుకుంటూ గడియారం చూసేవాళ్లు. రాహుకాలం దాటిన మరుక్షణం బజారు మొత్తం షటర్లు ఒక్కసారిగా గడగడమని లేచేవి. ఆ చప్పుడుకు మా వాకిట్లో పావురాలు ఎగిరిపోయేవి. నేను పుట్టి పెరిగిన చప్పుడది. సోమవారం రాహుకాలం తొమ్మిదింటి దాకా ఉంటుందని, ప్రారంభాలకు సంఘమంతటికీ ఒకే ముహూర్తం పెడతారని నాకు తెలియక కాదు, గ్రాఫులో అది కనపడుతుందని తట్టలేదు. మేం చేసిన పరీక్షలన్నీ రోజంతా కాస్త కాస్తగా నొక్కే షావుకార్ల కోసం. అలాంటి షావుకారు మా వరంగల్లో ఇంకా పుట్టలేదు.

ఇక రెండో తప్పు కూడా బయటపడింది. ఇది కొంచెం ఓపిగ్గా వినండి. క్లౌడ్ స్టోరేజి ఒక పెద్ద గోదాం అనుకోండి. దానికి చాలా గుమ్మాలు. మీ ఫైలు ఏ గుమ్మం గుండా రావాలన్నది దాని పేరు మొదటి అక్షరాల్ని బట్టి ఉంటుంది. ఒక్కో గుమ్మం నుంచి ఒక క్షణంలో ఇన్నే బయటికి వస్తాయని పరిమితి. రద్దీ పెరుగుతుంటే గోదాం వాడే చూసి కొత్త గుమ్మాలు తెరుస్తాడు గానీ, దానికి కొంత సమయం పడుతుంది. మావన్నీ శ్రీతో మొదలై, ఆ వెంటనే అదే రోజు తేదీతో సాగే పేర్లు. అందుకని ఊరి సరుకంతా ఒకే గుమ్మం ముందు, ఒకే క్షణంలో నిలబడింది. వాడు ఇంకో గుమ్మం తెరిచేలోపు ముహూర్తం అయిపోతోంది. ప్రీమియం కొన్నందుకు గుమ్మం లోపల నడక వేగం పెరిగింది గానీ, గుమ్మం వెడల్పు పెరగలేదు.

జబ్బు తెలిసింది కదా, మందు తేలికే అనుకున్నాం. పేర్ల ముందు ఏవో కలగాపులగం అక్షరాలు చేరిస్తే సరుకు అన్ని గుమ్మాలకూ పంచుకుపోతుంది. పుస్తకాల్లో రాసేది అదే, ప్రపంచమంతా చేసేదీ అదే. కుర్రాడు ఒక పూటలో చేసేశాడు. సాయంత్రానికి బాబాయ్ స్వయంగా మా మెట్లెక్కి వచ్చాడు. కొనుగోలుదారుకు వాట్సాప్‌లో పంపిన ఫొటో పేరు ఆయన కంటబడింది.

"ఏంది బిడ్డా ఇది? నా సరుకు ముంగట ఈ అడ్డదిడ్డం అక్షరాలేంది? కొత్త పంట మొదలుపెట్టుకునేటప్పుడు గిట్ల అపశకునం రాస్తరా ఎవరన్న?"

అక్షరాలు కంప్యూటర్ కోసం అన్నాను. కంప్యూటర్ ఎవరి కోసం అన్నాడు. ఫొటో చేతులు మారేటప్పుడు పేరు మార్చి చూపించే ఏర్పాటు చేయొచ్చు గానీ, దానికి యాప్ సగం తిరగరాయాలి, మిర్చి వచ్చేస్తోంది. పైగా అందరూ ఒకే క్షణంలో నొక్కే జబ్బు అప్పటికీ అలాగే ఉంటుంది. ముహూర్తం మానండి అని చెప్పే ధైర్యం ఎవరికుంది? నాకయితే లేదు. ఆ ముహూర్తం పెట్టేది ఎవరో మాత్రం నాకు తెలుసు.

పంతులుగారు కాశిబుగ్గలో ఉండేవారు. సంఘం వాళ్లకు తరతరాలుగా ముహూర్తాలు పెట్టే ఇల్లు వాళ్లది. ఆయనకు వినయం అనే జబ్బు లేదు. నేను గోదాం, గుమ్మాలు, రద్దీ అంతా చెప్పుకొచ్చాను. ఆయన కళ్లు మూసుకుని విని, ఇంతకీ నన్ను అబద్ధపు ముహూర్తం పెట్టమంటున్నావా తల్లీ అన్నారు. లేదండీ, శాస్త్రంలో ఉన్నదే కావాలి, కాకపోతే అందరికీ ఒకటే కాకుండా కావాలన్నాను. ఆయన కళ్లు తెరిచారు. అసలు అందరికీ ఒకటే ఎలా అవుతుంది అని నన్నే కోప్పడ్డారు. ఎవరి జన్మనక్షత్రం వాళ్లది, గంటకో గ్రహం ఏలే హోరల్లో ఎవరికి కలిసొచ్చేది వాళ్లది. వీళ్లు అడిగే ఓపిక లేక, అందరికీ కలిపి ఒక్కటి పెట్టండి స్వామీ అంటే పెడుతున్నారట ఇన్నాళ్లూ.

నేను అక్కడే కూర్చుని లోలోపల లెక్కేశాను. ఇరవై ఏడు నక్షత్రాలు. ఇరవై ఏడు గుమ్మాలు. ఫైలు పేరుకు ముందు షావుకారు నక్షత్రం చేరిస్తే అక్షరాలూ శుభమే, సరుకూ పంచుకుపోతుంది. హోర ప్రకారం నొక్కితే రద్దీ మెల్లగా పెరుగుతుంది, గోదాం వాడికి గుమ్మాలు తెరిచే తీరిక దొరుకుతుంది. అంత సంతోషం నాకు మొదటి జీతం రోజున కూడా కలగలేదు.

మేనేజరుకు ఫోన్లో చెప్తే, ప్రొడక్షన్ సిస్టమ్‌లో జాతకాలా అని నోరు వెళ్లబెట్టాడు. మీరు దాన్ని లోడ్ డిస్ట్రిబ్యూషన్ అని రాసుకోండి సార్, ఇక్కడ మేం నక్షత్రం అని రాసుకుంటాం అన్నాను. చివరికి, బాధ్యత మీదే అన్నాడు. పై అధికారి ఇచ్చే అనుమతి సాధారణంగా అలాగే ఉంటుంది.

బాబాయ్‌ని ఒప్పించడం ఇంకా కష్టమైంది. నక్షత్రం పెట్టడానికి అభ్యంతరం లేదు గానీ, శ్రీకి ముందు ఏదీ ఉండటానికి వీల్లేదన్నాడు. ఈ తగువు పంతులుగారి దగ్గరికే పోయింది. ఆయన చాలా తాపీగా అడిగారు.

"సంకల్పం ఎట్ల చెప్పుకుంటవు సేటూ? తిథి, వారం, నక్షత్రం అన్నీ చెప్పినంకనే గద, శ్రీమాన్ అని నీ గోత్రం, నీ పేరు వచ్చేది?"

బాబాయ్ లోపల్లోపల సంకల్పం మొత్తం వల్లించుకున్నాడు, పెదాలు కదలడం నేను చూశాను. తర్వాత సరే కానియ్యండి అన్నాడు.

తర్వాతి రోజుల్లో మా ఆఫీసు జాతకాల దుకాణమైపోయింది. షావుకార్లలో సగం మందికి తమ నక్షత్రమే తెలియదు. వాళ్ల భార్యలు ఫోన్లు చేసి నక్షత్రం, పాదం, దాంతోపాటు మనిషి గుణం కూడా చెప్పారు. అసలు తెలియనివాళ్లకు పంతులుగారు పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం కట్టారు. ఒకరోజు కుర్రాడు కంగారుగా, అక్కా, కృత్తికోళ్లు శానమంది అయితాండ్రు, ఆ గుమ్మం ఇరుకైతది అన్నాడు. పంతులుగారికి ఫోన్ చేస్తే, నాలుగు పాదాలు ఎందుకున్నాయమ్మా, విడగొట్టుకో అన్నారు. నా సర్వీసులో నేను అందుకున్న సాంకేతిక సలహాల్లో అంత సూటిది ఇంకొకటి లేదు.

అన్నీ కుదిరాయి అనుకున్నాక ఒక చిక్కొచ్చింది. మిర్చి ప్రారంభం గురువారం. పొద్దున శుక్ర హోరలో కొందరు, వ్యాపారానికి మంచిదైన బుధ హోరలో ఎక్కువమంది, ఆ తర్వాత చంద్ర హోరలో మిగిలినవాళ్లు. బాబాయ్‌ది శ్రవణం. అంటే చంద్ర హోర. ఏటా కొబ్బరికాయ కొట్టి మొదటి బేరం చేసే మనిషి అందరికంటే చివర నొక్కాలి. పైగా మార్కెట్లో మిగతావాళ్ల అలవాటు నాకు తెలుసు. చేతిలో కాగితం మీద ఏ సమయం ఉన్నా, కళ్లు మాత్రం ఆయన వేలి మీదే ఉంటాయి. ఆయన తొందరపడి నొక్కాడంటే బజారు షటర్లన్నీ ఒక్కసారే లేచినట్టే.

అందుకని ఆ రోజు నేను ఆఫీసులో కూర్చోలేదు. గ్రాఫు ముందు కుర్రాణ్ని కూర్చోబెట్టి, నేను బాబాయ్ దుకాణానికి పోయి ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను. మార్కెట్ యార్డంతా ఎర్రగా ఉంది. ఘాటుకు అందరం తుమ్ముతున్నాం. ఆయన కొత్త ధోవతి కట్టుకుని, ఫోను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

శుక్ర హోర వాళ్లు నొక్కారు. కుర్రాడు ఫోన్లో, గీత లేస్తాందక్కా, మెల్లగనే లేస్తాంది అన్నాడు. ఫొటోలు తెరుచుకున్నాయి. ధరలు పలికాయి. పక్క దుకాణంలో కాటా వేసే హమాలీలు కేక పెట్టారు. బాబాయ్ వేలు ఫోను మీదికి పోయింది. నేను ఆయన ముఖంలోకి చూశాను. వేలు వెనక్కి తీసుకున్నాడు.

బుధ హోర అసలు పరీక్ష. సగం మార్కెట్ అందులోనే ఉంది. పంతులుగారు తారాబలం చూసి వరస కట్టారు కాబట్టి ఒక్కొక్క నక్షత్రమే కదిలింది. మధ్యలో ఒకసారి కుర్రాడు, గీత నిటారుగ అయితాందక్కా అన్నాడు. తర్వాత, కొత్త గుమ్మాలు తెరుచుకున్నయక్కా, గోదాం మనకంటే ముందుంది అన్నాడు. అదే సమయంలో ఎదురు దుకాణం కుర్ర షావుకారు ఇటు తిరిగి, నువ్వు మొదలుపెట్టకపోతే బాగుంటదా పెద్దాయనా, ఒక్కసారి నొక్కు, మేమందరం నొక్కుతం అని పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటే చూశారు. నేను మాట్లాడితే కంప్యూటర్ల ఆవిడ అడ్డుపడిందంటారు. మాట్లాడకపోతే అంతా పోతుంది.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"నా గడియ నాకుంది. మీ గడియ మీకుంది. ఎవని గడియల వాడు నొక్కుండ్రి."

అంతే. ఇంకెవరూ ఇటు చూడలేదు. నాకు ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

చంద్ర హోర వచ్చింది. శ్రవణం వంతు వచ్చింది. ఆయన ఫోను కళ్లకద్దుకుని నొక్కాడు. మేం ఇద్దరం చూస్తుండగానే, ఆయన సరుకు ఫొటో నిండుగా, ఎర్రగా తెరుచుకుంది. కళ్లు ఆర్పేలోపు ఒక ధర, దాన్ని మించి ఇంకొకటి, దాన్ని మించి మరొకటి. ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఖాళీ గడి రాలేదు. కొబ్బరికాయ కొట్టి, పెద్ద చిప్ప నా చేతిలో పెట్టి, పత్తికి కూడా ఇట్లనే చేద్దాం బిడ్డా అన్నాడు. ఒప్పందం నిలిచిందని చెప్పడానికి మా వాళ్లకు అంతకంటే కాగితం అక్కర్లేదు. నేను సిగ్గుపడకుండా ఆ యార్డు మధ్యలో నిలబడి గట్టిగా నవ్వాను. గెలిచాం, మరి నవ్వకపోతే ఎట్లా?

మేనేజరు తనే ఫోన్ చేశాడు. గ్రాఫు అంత నున్నగా ఎలా వచ్చిందని క్లౌడ్ కంపెనీ వాళ్లు అడుగుతున్నారట, పద్ధతి పేరేమిటని. పంచాంగం అని చెప్పండి సార్ అన్నాను. ప్రీమియం తీసేసి మామూలు తరగతికి దిగొచ్చా అని కూడా అడిగాడు. నిక్షేపంగా దిగొచ్చన్నాను. ఆఫీసు గురించి మీరేమన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి అన్నాను. నవ్వి, ఆ మాట మర్చిపోండి మేడం, మీరంతా అక్కడే ఉండండి అన్నాడు.

ఆ మాట మా కుర్రాడికి నా నోటితో చెప్పాలని కొబ్బరిచిప్ప పట్టుకుని ఆటో ఎక్కాను. ఆయాసపడుతూ మెట్లెక్కేసరికి మేనేజరు నాకంటే ముందే అతనికి చెప్పేసినట్టున్నాడు. కుర్రాడు కిటికీ దగ్గర నా వైపు వీపు పెట్టి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నాయినా, ఆ కౌలాయనకు వద్దని చెప్పు. ఆఁ, వద్దనే చెప్పు. ఎటూ పోతలేను. చేను నేనే చేస్త."

అవతల నాయిన ఏమన్నాడో నాకు వినపడలేదు. కుర్రాడు ముఖం తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"నువ్వేడువకు నాయినా. పొద్దూకేటాళ్లకు ఇంటికొస్త."